అసలు ఫోటో ఎవరి దగ్గరుంది?

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం అడిగినప్పుడు, పత్తర్‌గట్టి మీద మామూలుగా రాసే విషయాలన్నీ గుర్తుకొచ్చాయి. 1908 నాటి మూసీ వరద, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఆ బోర్డు కట్టించిన రాతి కమానుల దుకాణాలు, గుల్జార్ హౌజ్, చార్ కమాన్. వీటి గురించి మనవాళ్ళకు చెప్పేదేమీ కొత్తగా లేదు. ఈ వీధిలో చదువుకున్నవాళ్ళం, ఆ కమానుల నీడలోనే నడిచి బడికి వెళ్ళినవాళ్ళం.

అందుకే ఈసారి వేరే చరిత్ర ఎంచుకున్నాను. అది ఫోటోలను మార్చడం, ఆ మార్పును పట్టుకోవడం అనే రెండు పనుల చరిత్ర. ఉద్యోగమంతా చరిత్ర పాఠాలు చెప్పిన నాకు పాత ఫోటో అంటే సాక్షి. సాక్షిని ఎలా ప్రశ్నించాలో తెలియకపోతే చరిత్ర చెప్పలేం. పైగా మన సంఘం ఈ యాభై ఏళ్ళ ఫోటోలను ఒకచోట చేర్చే పనిలో ఉంది కాబట్టి, ఈ ప్రశ్న మన ఇంటి గడప దాకా వచ్చింది.

గాజు పలక మీద పెన్సిల్

ఫోటోలను మార్చడం కంప్యూటర్‌తో మొదలైందని పిల్లలు అనుకుంటారు. మన నగరంలోనే దానికి నూట నలభై ఏళ్ళ చరిత్ర ఉంది.

లాలా దీన్ దయాళ్ 1844లో సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందూరులో కొలువు చేసి, 1880 దశకంలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో నడిపించాడు. అక్కడ ఫోటోలు తీసింది కూడా ఒక మహిళే. నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. ఈనాడు మనం ఆనాటి హైదరాబాద్‌ను చూడగలుగుతున్నామంటే చాలావరకు అలాంటి గాజు పలకల పుణ్యమే.

ఆ కాలపు స్టూడియోలన్నిటిలోనూ టచింగ్ పని ఉండేది. నెగటివ్‌లో నలుపు తెలుపు తారుమారుగా ఉంటాయి కదా. ముఖం మీద ముడత ప్రింటులో నల్లగా పడేదైతే, నెగటివ్‌లో అది పలచగా, వెలుగు దూరేలా ఉంటుంది. గాజు పలకను వెలుగుకు ఎదురుగా పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ఆ పలచటి గీత మీద రుద్దితే, ప్రింటులో ముడత మాయమవుతుంది. దీన్ని ఎవరూ మోసం అనుకోలేదు. డబ్బిచ్చి చేయించుకునేవారు.

మన చిన్నతనం దాకా ఈ విద్య బతికే ఉంది. చాలా ఇళ్ళల్లో గోడ మీద వేలాడే తాత, నాయనమ్మల జంట ఫోటో నిజానికి ఇద్దరూ కలిసి దిగింది కాదు. తాతది ఒక పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటోలోంచి, నాయనమ్మది ఏ రేషన్ కార్డు ఫోటోలోంచో కత్తిరించి, స్టూడియోలో జతచేసి, వెనుక ఒక తెర గీయించి, మళ్ళీ ఫోటో తీయించి పెద్దది చేయించుకునేవారు. జాగ్రత్తగా చూస్తే తెలిసిపోతుంది. ఒకరి ముఖం మీద వెలుగు ఎడమ నుంచి, ఇంకొకరి మీద కుడి నుంచి పడుతుంది. ఒకరి తల కాస్త పెద్దది. మెడ దగ్గర సన్నని గీత. ఇవాళ ఫోరెన్సిక్ నిపుణులు కంప్యూటర్‌తో వెతికే మొదటి మూడు ఆనవాళ్ళు ఇవే.

ప్రేమతో చేసిన మార్పుకూ, మోసంతో చేసిన మార్పుకూ పనిముట్టు ఒక్కటేనన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. తేడా ఫోటోలో ఉండదు, దాన్ని ఏమని చెప్పి చూపిస్తున్నామన్న దాంట్లో ఉంటుంది.

మాయమైన మనిషి, మిగిలిన కాపీ

బయటి ప్రపంచంలో రెండు పాత కథలు చెప్పుకోవాలి.

అమెరికాలో విలియం మమ్లర్ అనే ఫోటోగ్రాఫర్, చనిపోయిన బంధువుల ఆత్మలు ఫోటోలో పడేలా తీస్తానని చెప్పి డబ్బు గడించాడు. 1869లో న్యూయార్క్‌లో అతని మీద కేసు నడిచింది. ఒకే పలక మీద రెండుసార్లు బొమ్మ పడేలా చేయడం లాంటి ఉపాయాలు ఎన్ని ఉన్నాయో తోటి ఫోటోగ్రాఫర్లు కోర్టులో వివరించారు. కానీ అతను వాటిలో ఏది చేశాడో ఎవరూ చూపలేకపోయారు. అతను బయటపడ్డాడు. "ఇలా చేయవచ్చు" అనడం వేరు, "ఇతను ఇలా చేశాడు" అని నిరూపించడం వేరు. ఫోరెన్సిక్ అనే శాస్త్రం ఈ రెండింటి మధ్య దూరంలోనే పుట్టింది.

రెండోది సోవియట్ రష్యాది. స్టాలిన్ పక్కన కాలువ గట్టు మీద నడుస్తున్న రహస్య పోలీసు అధిపతి నికొలాయ్ యెజోవ్, 1940లో మరణశిక్షకు గురయ్యాక ఆ ఫోటోలోంచి కూడా మాయమయ్యాడు. అతను నిలబడ్డ చోట నీళ్ళు కనిపిస్తాయి. టచింగ్ పనిలో లోపమేమీ లేదు. ఆ మోసం బయటపడింది పనితనంలో తప్పు వల్ల కాదు. మార్చకముందు కాపీ ఎక్కడో మిగిలిపోయినందువల్ల. ఈ సంగతి ముందు ముందు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

1872 నాటి చట్టం అడిగిన ప్రశ్న

మన దేశంలో న్యాయస్థానాలు ఈ ప్రశ్నను ఎప్పటి నుంచి అడుగుతున్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1872 నాటి భారత సాక్ష్యాధారాల చట్టంలోనే ఫోటోగ్రఫీ ప్రస్తావన ఉంది. ఒకే పద్ధతిలో, ఒకేసారి తయారైన ప్రతులు ఒకదానికొకటి సాక్ష్యంగా నిలుస్తాయని, కానీ అవన్నీ వేరే అసలు పత్రానికి నకళ్ళయితే ఆ అసలుకు ప్రాథమిక సాక్ష్యం కాలేవని ఆ చట్టం చెప్పింది. అసలు పత్రాన్ని ఫోటో తీస్తే ఆ ఫోటో ద్వితీయ సాక్ష్యం మాత్రమే, అది కూడా ఫోటో తీసింది అసలు పత్రాన్నే అని రుజువైనప్పుడు.

చట్టం భాష పక్కన పెడితే, అది అడిగేది ఒకే ప్రశ్న: అసలు ఎక్కడుంది? పాతబస్తీలో ఇల్లు కొన్నవారికి, అమ్మినవారికి ఈ ప్రశ్న కొత్త కాదు. జిరాక్సు చూపిస్తే "అసలు దస్తావేజు తీసుకురండి" అనని వకీలు ఎవరున్నారు?

రఫూ పనివాడి కన్ను

1990లో ఫోటోషాప్ మార్కెట్లోకి వచ్చింది. స్టూడియోలో ఏళ్ళ తరబడి నేర్చుకున్న టచింగ్ పని కొద్ది గంటల్లో ఎవరైనా చేయగలిగే స్థితి వచ్చింది. పదేళ్ళు గడిచేసరికి దాన్ని పట్టుకునే శాస్త్రం కూడా తయారైంది. అమెరికాలో హనీ ఫరీద్, జెస్సికా ఫ్రిడ్రిక్ లాంటి పరిశోధకులు దానికి దారి వేశారు. ఆ శాస్త్రం ఎలా పనిచేస్తుందో మన బట్టల బజారు భాషలో చెబుతాను.

చిరిగిన శేర్వానీని రఫూ పనివాడికిస్తే, అదే బట్టలోంచి దారాలు తీసి, చిరుగు కనబడకుండా అల్లుతాడు. పైనుంచి చూస్తే తెలియదు. తిరగేసి వెలుతురుకు పట్టుకుంటే, అక్కడ నేత పోగులు చుట్టుపక్కల పోగులతో కలవవు. డిజిటల్ ఫోటో కూడా నేతే. దాని పోగులు పిక్సెళ్ళు.

మొదటి పరీక్ష, ఒకే ముక్క రెండుచోట్ల ఉందా అని చూడడం. ఫోటోలో ఏదైనా దాచాలన్నా, పెంచాలన్నా సులువైన దారి పక్కనున్న భాగాన్నే కాపీ చేసి అతికించడం. మన కంటికి రెండు పొగమేఘాలు వేరువేరుగా కనిపించినా, కంప్యూటర్ ప్రతి చిన్న ముక్కనూ మిగతా ముక్కలతో పోల్చి, అచ్చుగుద్దినట్టున్న జతలను చూపిస్తుంది. దీనికి ఒక పద్ధతిని ఫ్రిడ్రిక్ బృందం 2003లో ప్రచురించింది. 2006లో బీరూట్ బాంబుదాడి ఫోటోలో పొగను ఇలాగే పెంచిన సంగతి బయటపడి, రాయిటర్స్ సంస్థ ఆ ఫోటోగ్రాఫర్ తీసిన 920 ఫోటోలనూ తన నిల్వలోంచి తీసేసింది. 2008లో ఇరాన్ విడుదల చేసిన ఫోటోలో నాలుగు క్షిపణులు ఎగురుతున్నాయి. వాటిలో ఒకటి మిగతావాటి ముక్కలతో అతికించింది. మూడే ఎగిరిన అసలు ఫోటో మర్నాటికల్లా బయటికొచ్చింది.

రెండో పరీక్ష, నేత వరుస. మన ఫోన్లు ఫోటోను దాచేటప్పుడు దాన్ని ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు పిక్సెళ్ళ చిన్న చదరాలుగా విడగొట్టి కుదిస్తాయి. వేరే ఫోటోలోంచి తెచ్చిన ముక్కకు తన పాత చదరాల గీతలు ఉంటాయి. కొత్త చోట అవి సరిగ్గా కలవడం అరుదు. ముక్కను పెద్దది చేసినా, తిప్పినా, ఆ సాగదీతకు లెక్క ప్రకారం ఒక జాడ మిగులుతుంది. ఫరీద్ బృందం ఆ జాడ మీదే పనిచేసింది.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. ప్రతి కెమెరాలోనూ వెలుగును అందుకునే సెన్సర్ ఉంటుంది. కార్ఖానాలో ఎంత జాగ్రత్తగా చేసినా, ఏ రెండు సెన్సర్లూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక చుక్క కాస్త ఎక్కువ, ఒక చుక్క కాస్త తక్కువ పట్టుకుంటుంది. ఆ తేడాల ముద్ర ఆ కెమెరా తీసే ప్రతి ఫోటో మీదా పడుతుంది. పాత టైపుమెషీన్‌లో వంకర తిరిగిన ఒక అక్షరాన్ని బట్టి ఉత్తరం ఏ మెషీన్ మీద కొట్టారో చెప్పేవారు కదా, ఇదీ అలాంటిదే. ఫోటో మధ్యలో ఒకచోట ఆ ముద్ర లేకపోతే, ఆ ముక్క బయటి నుంచి వచ్చిందని అనుమానించాలి.

అయితే ఒక షరతు. వాట్సాప్‌లో పంపిన ఫోటో మళ్ళీ కుదించబడుతుంది. ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారో చెప్పే సమాచారం పోతుంది. పది చేతులు మారాక ఆ బట్ట అంతా అరిగిపోయి, అసలు నేత ఏదో, రఫూ ఏదో తెలియని స్థితికి వస్తుంది. అందుకే రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల అయినా, రెడ్ హిల్స్‌లోని రాష్ట్ర ప్రయోగశాల అయినా, నిపుణులకు కావలసింది ఫార్వర్డ్ అయిన కాపీ కాదు. ఫోటో తీసిన ఫోన్, అందులోని అసలు ఫైలు.

చార్మినార్ ఫోటో చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు మన వీధి చివరకు వద్దాం. 2012 నవంబరులో చార్మినార్ చుట్టూ ఎంత ఉద్రిక్తత ఉండిందో మనలో చాలామందికి గుర్తే. దుకాణాలు మూసి ఇళ్ళల్లో కూర్చున్న రోజులవి. అప్పుడే ద హిందూ దినపత్రిక చార్మినార్ పాత ఫోటో ఒకటి ప్రచురించింది. ఆగ్నేయ మినార్ పాదం దగ్గర ఇప్పుడున్న గుడి కట్టడం అందులో లేదు. ఆ ఫోటో మార్చినదన్న ఆరోపణ వెంటనే వచ్చింది. తన ఫోటో అసలైనదేనని పత్రిక వివరణ ప్రచురించింది. 1957, 1962 నాటి ఫోటోల్లో ఆ కట్టడం లేదని, 1990, 1994 నాటి ఫోటోల్లో ఉందని అందులో రాసింది.

ఆ వివాదంలో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఎవరి భక్తికీ ఫోటో కొలబద్ద కాదు. ఫోటో చెప్పేది ఒక క్షణంలో ఒక చోట కెమెరా ముందు ఏముందన్నదే. కానీ ఒక ఫోటోను "ఇది మార్చింది" అని ఒకరు, "కాదు" అని ఒకరు అన్నప్పుడు ఎలా తేల్చుకోవాలన్నది మాత్రం చరిత్ర విద్యార్థి పనే. ఒకే ఫోటోను పట్టుకుని వాదిస్తే తేలదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని వేర్వేరు ఫోటోగ్రాఫర్లు, వేర్వేరు ఏళ్ళలో, వేర్వేరు వైపుల నుంచి తీసిన ఫోటోలను వరుసగా పేర్చాలి. నెగటివ్ ఉంటే తెప్పించాలి. ఒక ఫోటోను మార్చడం సులువు. వేర్వేరు అల్మారాల్లో ఉన్న పది ఫోటోలను ఒకేలా మార్చడం కష్టం.

ఫోటోలోని వస్తువులే తేదీ చెబుతాయి. చార్మినార్ గడియారాలు 1889లో పెట్టారు. గడియారం లేని ఫోటో ఉంటే అది అంతకు ముందుదైనా కావాలి, ఎవరో తుడిచేసినదైనా కావాలి. రాతి కమానుల వరుస లేని పత్తర్‌గట్టి, బోర్డు పనికి ముందుది. డబుల్ డెక్కర్ పాత ఆర్టీసీ బస్సు కనిపిస్తే 2003కు ఇటువైపుది కాదు. బండి నంబరు పలక మీద టీఎస్ ఉంటే 2014 తర్వాతిది, టీజీ ఉంటే 2024 మార్చి తర్వాతిది.

సూర్యుడు కూడా సాక్షే. చార్మినార్ నాలుగు కమానులు దాదాపు నాలుగు దిక్కులకూ ఉన్నాయి. మనం పత్తర్‌గట్టి నుంచి చూసేది ఉత్తరపు ముఖం. మన నగరం ఉన్న అక్షాంశంలో చలికాలమంతా సూర్యుడు దక్షిణం వైపే నడుస్తాడు కాబట్టి, ఆ ముఖం మీద నేరుగా ఎండ పడదు. మధ్యాహ్నం పన్నెండింటికి దాని మీద ఎండ పడేది మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకానే. సంక్రాంతినాడు తీశామని చెప్పిన ఫోటోలో ఉత్తరపు ముఖం ఎండలో తళతళలాడుతుంటే, ఫోటో అయినా తప్పు, తేదీ అయినా తప్పు. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఈ వీధిలో నడిచినవాళ్ళ జ్ఞాపకం చాలు.

తేదీ తప్పు అన్నది చిన్న మాట కాదు. పిక్సెల్ కూడా మార్చకుండా అబద్ధం చెప్పడం అన్నిటికంటే సులువు. ప్రతి వరదకూ, ప్రతి గొడవకూ ఎక్కడివో, ఎప్పటివో ఫోటోలు మన వీధివని చెప్పి ఫోన్లలో తిరుగుతాయి. వాటిని ఏ ప్రయోగశాలకు పంపినా "మార్పు లేదు" అనే జవాబు వస్తుంది. అబద్ధం ఫోటోలో లేదు, కింద రాసిన మాటలో ఉంది.

కెమెరా లేని ఫోటోలు

గత మూడు నాలుగేళ్ళలో పరిస్థితి ఇంకా మారింది. ఏఐ తయారుచేసే బొమ్మకు కెమెరాయే లేదు. రఫూ వెతకడానికి చిరుగు లేదు, బట్ట మొత్తం కొత్త నేతే. వేళ్ళు ఆరున్నాయా, అక్షరాలు వంకరగా ఉన్నాయా అని చూసే ఉపాయాలు కొంతకాలం పనికొచ్చాయి. రోజురోజుకీ వాటి పదును తగ్గుతోంది.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖంతో ఒక లిఫ్ట్ వీడియో దేశమంతా తిరిగింది. అది వేరే యువతి వీడియో. మొదటి క్షణంలో, ముఖం మారడానికి ముందు, అసలు మనిషి కనిపిస్తుంది. అది గమనించి అసలు వీడియోను వెతికి పక్కన పెట్టగానే అబద్ధం తేలిపోయింది. మరుసటి జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. ఇక్కడా మోసాన్ని ముగించింది అసలు దొరకడమే.

2025 వసంతంలో మన నగరంలోనే దీనికంటే చిక్కు పాఠం ఒకటి ఎదురైంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో యంత్రాలు చెట్లు కొట్టడం మొదలుపెట్టాయి. విద్యార్థులు అడ్డుకున్నారు. ఇంతలో ఏడుస్తున్న నెమళ్ళు, పారిపోతున్న జింకల బొమ్మలు సామాజిక మాధ్యమాలను ముంచెత్తాయి. వాటిలో ఏఐతో చేసినవి ఉన్నాయి. ప్రభుత్వం వాటిని తప్పుడు ప్రచారం అంది, పోలీసులు కేసులు పెట్టారు. ఒక బొమ్మను తిరిగి పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా నోటీసు వెళ్ళింది.

మరి చెట్లు నిజంగా కొట్టారా లేదా? ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశంతో హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా అక్కడికి వెళ్ళి చూసి, ఫోటోలతో నివేదిక పంపారు. సుమారు వంద ఎకరాల్లో యంత్రాలతో విధ్వంసం జరిగిందని, అక్కడ నెమళ్ళు, జింకలు కనిపించాయని అందులో ఉంది. కోర్టు పనులు ఆపించింది.

ఈ కథలో రెండు వైపులా చూడాలి. దొంగ బొమ్మ చేసినవారు తమ పక్షానికి మేలు చేస్తున్నామనుకున్నారు. నిజానికి కీడే జరిగింది. నిజమైన చెట్ల ఫోటోలను కూడా "అదంతా ఏఐ" అని తోసిపుచ్చే వీలు కలిగింది. దొంగ నోటు ఎక్కువైన బజారులో మంచి నోటును కూడా పైకెత్తి చూస్తారు, తీసుకోవడానికి జంకుతారు. చివరికి నిజం నిలిచింది ఎలా? పేరున్న ఒక మనిషి, ఒక తేదీన, అక్కడికి వెళ్ళి, తీసిన ఫోటో కింద సంతకం పెట్టి జవాబుదారీ వహించడం వల్ల.

చట్టం కూడా ఆ దారే పట్టింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధృవపత్రం కావాలి. ఫైలు ఏ పరికరంలోంచి వచ్చిందో, దాని హాష్ విలువ ఎంతో అందులో రాయాలి. హాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కకట్టి తీసిన వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరుస. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. 1872లో అడిగిన ప్రశ్ననే ఈ చట్టమూ అడుగుతోంది, కొత్త మాటల్లో.

మన పెట్టెలోని ఫోటోలు

ఇప్పుడు అసలు పనికి వస్తాను. ఈ సంచిక కోసం మీరు పంపిన ఫోటోలకు వివరాలు రాసే పని కమిటీ నాకు అప్పగించింది. అవి చూస్తుంటే ఎంత సంతోషమైందో చెప్పలేను. అయితే ఒకే గ్రూపు ఫోటో రెండు రూపాల్లో వచ్చింది. ఒకటి అంచులు చిరిగి, పసుపుపచ్చగా మారిన నలుపు తెలుపు ప్రింటు. రెండోది అదే ఫోటోను ఎవరో ఫోన్ యాప్‌లో వేసి రంగులు అద్ది, ముఖాలు స్పష్టంగా చేసినది. రెండోది చూడ్డానికి నిజంగానే బాగుంది.

కానీ ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడు పట్టుకున్న స్లేటు మీద తరగతి, సంవత్సరం ఉండాలి. రంగుల ఫోటోలో ఆ రాత తెలుగూ కాదు, ఉర్దూ కాదు, ఇంగ్లీషూ కాదు, ఏ భాషా కాని గీతలు. ఉర్దూ సార్ టోపీ అంచు జుట్టులా మారింది. వెనుక వరుసలో చివరివాడి ముఖం పాత ప్రింటులో మసకగా ఉంది. యాప్ ఆ మసకను తుడిచి, అక్కడ చక్కని ముఖం ఒకటి పెట్టింది. ఆ బ్యాచివాళ్ళు నలుగురికి చూపించాను. నలుగురూ "వీడు మనవాడు కాదు" అన్నారు. ఆ మిత్రుడు చదువు పూర్తయిన కొన్నేళ్ళకే చనిపోయాడు. అతని బడి రోజుల ఫోటో మా అందరి దగ్గరా కలిపి ఉన్నది ఇదొక్కటే.

యాప్‌కు దుర్బుద్ధి లేదు. మసకగా ఉన్న చోట ఏముండవచ్చో తాను చూసిన లక్షల ముఖాలను బట్టి ఊహించి పూడ్చింది. పంపినవారికీ దురుద్దేశం లేదు, ప్రేమతోనే చేశారు. కానీ వందో ఉత్సవం నాటికి ఆ రంగుల ఫోటో మాత్రమే మిగిలితే, మన మిత్రుడి స్థానంలో ఎప్పుడూ ఎక్కడా పుట్టని మనిషి నిలబడి ఉంటాడు. అప్పుడు చెప్పడానికి మనం ఎవ్వరం ఉండం. యెజోవ్‌ను తుడిచినవారు పని కట్టుకుని చేశారు. మనం బాగుచేద్దామనుకుని అదే పని చేస్తాం.

అందుకే ఈ సంచికలో ఆ పాత ప్రింటునే, చిరుగులతో సహా, వేస్తున్నాం. దాని కింద మీ పేర్లు మీ తోటివాళ్ళు చెప్పినవే. చెప్పిన వారి పేరు కూడా పక్కనే ఉంటుంది.

పూర్వ విద్యార్థులకు, గురువులకు నా మనవి ఇది. పాత ఫోటోను పారేయకండి, ఫోన్‌తో ఫోటో తీశాం కదా అని ప్రింటు వదిలేయకండి. స్కాన్ చేయించేటప్పుడు వెనుక వైపు కూడా చేయించండి. స్టూడియో ముద్ర, పెన్సిల్ నంబరు, అమ్మ రాసిన తేదీ అక్కడే ఉంటాయి. వెనుక పేర్లు రాయాలంటే బాల్ పెన్ వద్దు, మెత్తటి పెన్సిల్‌తో నెమ్మదిగా రాయండి. సంఘానికి పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైలు కుదించుకుపోదు. రంగులద్దిన కాపీ చేసుకుంటే సంతోషంగా గోడకు పెట్టుకోండి, కానీ దాని మీద "రంగులద్దినది" అని రాయండి, అసలును దాని పక్కనే దాచండి. ఎవరైనా ఒక ఫోటో గురించి "యాప్ తొంభై శాతం నకిలీ అంటోంది" అంటే, ఆ శాతాన్ని వాదనకు మొదలుగా తీసుకోండి, తీర్పుగా కాదు. తీసింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, అసలు ఎవరి దగ్గరుంది అని అడగండి.

ఫోటోలో ఉన్నవాళ్ళు బతికి ఉండి, "ఇతను వీడే, ఆ పక్కన నేను" అని చెప్పగలిగినంత కాలం, ఆ సాక్ష్యానికి సాటి వచ్చే యంత్రం లేదు. మనలో పెద్దవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. స్వర్ణోత్సవం రోజున బడి వరండాలో ఒక బల్ల, ఒక స్కానర్, ఒక పెద్ద రిజిస్టరు ఏర్పాటు చేస్తున్నాం. మీ అసలు ఫోటోలు వెంట తెచ్చి, పేర్లు చెప్పి, రిజిస్టరులో సంతకం పెట్టి, ఫోటోలు మళ్ళీ ఇంటికి తీసుకువెళ్ళండి.